పల్లె బడి పిల్లకి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీయా, బెంగళూరు పీయూసీనా?

మారతహళ్లి మామ
మా అన్న కూతురు రాయచోటి పక్కన జెడ్పీ హైస్కూల్లో పది పాసైంది. మార్కులు బాగానే వచ్చాయి. అన్న ట్రిపుల్ ఐటీకి అప్లికేషన్ పెడతానంటున్నాడు. మా ఆవిడేమో ఇక్కడికి తెచ్చుకుని పీయూసీలో (ఇక్కడి ఇంటర్) చేర్పిద్దామంటోంది. ఆ ట్రిపుల్ ఐటీ పుట్టుక నుంచి ఇప్పటిదాకా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఆర్08, బెళ్లందూరు
మామా, మాది ఫస్టు బ్యాచ్. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చట్టం చేసి ఈ యూనివర్సిటీ పెట్టినారు. ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్) అనేది కాగితం మీద పేరు, జనానికి ట్రిపుల్ ఐటీనే. సీమకు ఇడుపులపాయ, కోస్తాకు నూజివీడు, తెలంగాణకు బాసర, మూడూ ఒక్కసారే మొదలైనాయి. ఎంట్రన్స్ లేదు, కోచింగ్ లేదు, పదో తరగతి మార్కులు చూసి తీసుకున్నారు. కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేని ఇండ్లకు అంతకన్నా ఏం కావల్ల?

మొదటి చాన్సలర్ రాజ్ రెడ్డి గారు. శ్రీకాళహస్తి పక్క కాటూరు ఆయనది. మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1994లో కంప్యూటర్ రంగానికి నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. పిల్లోల్లందరికీ ల్యాప్‌టాప్‌లు, రికార్డు చేసిన పాఠాలు, పక్కన మెంటర్లు, ఇదీ అప్పటి పద్ధతి. ఒక్కసారిగా అన్ని వేలమందికి పాఠం చెప్పే లెక్చరర్లను ఆ కొండల్లోకి ఎక్కడ్నుంచి తెస్తారు చెప్పు. అప్పటికి మాలో చానామంది కంప్యూటర్ ముట్టుకోనోళ్లమే.

బాసర బిడ్డ
2014ల రాష్ట్రం విడిపోయినంక మా బాసర తెలంగాణకొచ్చింది. పేరొక్కటే, నోటిఫికేషన్లు వేరే. మీ పాపకు మాది లెక్కల పట్టదు. గోదారి ఒడ్డు, సరస్వతమ్మ గుడి, అక్కడ చదువుకునుడు నాకైతే మస్తుండె.

ఎన్13 అక్క, వైట్‌ఫీల్డ్
మామయ్యగారూ, చదువు లెక్క ఇలా ఉంటుంది. మొదటి రెండేళ్లు పీ1, పీ2, అంటే పీయూసీ. తర్వాత ఈ1 నుంచి ఈ4 దాకా బీటెక్. ఇంటర్‌తో సమానం కాబట్టి పీ2 అవగానే బయటికెళ్లి వేరే చోట చేరినవాళ్లూ ఉన్నారు.

మా అప్పుడు పదో తరగతికి గ్రేడ్లు. హాస్టల్ లేని సర్కారు బడుల పిల్లలకి జీపీఏ (పదికి లెక్కేసే గ్రేడ్ల సగటు) మీద ఇంకో 0.4 కలిపేవాళ్లు. నాకు సీటు తెచ్చింది ఆ 0.4యే, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. జెడ్పీ స్కూలు కాబట్టి మీ అమ్మాయికీ ఆ వెసులుబాటు ఎలా ఉందో ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూడండి. కరోనా రెండేళ్లు మాత్రం పది పరీక్షలు లేక ఎంట్రన్స్ పెట్టారు.

ఒక చిక్కు. ఇక్కడ ఒక కంపెనీలో (పేరెందుకులెండి) వెరిఫికేషన్ వాళ్లు "ఇంటర్ మెమో ఏది?" అని పట్టుకు కూర్చున్నారు. పీయూసీ సర్టిఫికెట్ పంపితే అది కర్ణాటకదా అన్నారు! కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకోమనండి.

సిల్క్‌బోర్డ్ సిద్ధుడు
అందరూ పొగుడుతున్నారు గానీ, సీటొస్తే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ బ్రాంచి) వచ్చినట్టు కాదు. బ్రాంచి ఇచ్చేది పీయూసీ మార్కుల మీద. ఆ రెండేళ్లు ఏమరుపాటుగా ఉంటే కోరుకున్నది చెయ్యి జారుతుంది. పైగా పదిహేనేళ్ల పిల్ల, ఆరేళ్లు ఒకే గోడల మధ్య. మేనకోడలైతే నేను పంపను.

ఎన్13 అక్క, వైట్‌ఫీల్డ్
బ్రాంచి మాట నిజమే. గోడల మాట ఒప్పుకోను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషులో. మొదటి సెమిస్టరంతా ఇంటి బెంగే. కానీ గదిలో ఉన్నవాళ్లందరిదీ అదే పరిస్థితి, ఎవర్ని చూసీ చిన్నబోనక్కర్లేదు. బెంగళూరు పీయూ కాలేజీలో ఆ పిల్ల ఒక్కతే అలా ఉంటుంది.

కేఆర్‌పురం నాన్న
బెంగళూరు తెచ్చే ముందు ఒకటి చూసుకోండి సార్. కర్ణాటక సీఈటీలో (ఇంజనీరింగ్ ఎంట్రన్స్) సర్కారు సీటుకి మామూలుగా ఈ రాష్ట్రంలో ఏడేళ్లు చదివి ఉండాలి. రెండేళ్ల పీయూసీ సరిపోదు. అప్పుడు ప్రైవేటులో మేనేజ్‌మెంట్ సీటే దిక్కు. మా తమ్ముడి కొడుకు విషయంలో ఇదే అయింది, ఆ ఫీజు ఇంకా కడుతూనే ఉన్నారు.

సిల్క్‌బోర్డ్ సిద్ధుడు
ఇది నాకు తోచలేదు. అయితే పంపండి.

మారతహళ్లి మామ
ఈ సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, మెత్తబడింది. ఇంతకీ కర్నూల్లో, శ్రీసిటీలో ఉన్నవీ ఇవేనా?

ఆర్08, బెళ్లందూరు
కాదు మామా. వాటికి ఇంటర్ అయినాక జేఈఈ రాయల్ల. మనవి ఇప్పుడు ఆంధ్రలో నాలుగు: ఇడుపులపాయ, నూజివీడు, 2016లో వచ్చిన శ్రీకాకుళం, ఒంగోలు. ఒంగోలు సీటొచ్చి ఇడుపులపాయలో చదివిన బ్యాచ్‌లు కూడా ఉన్నాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు క్లాసులు యాడ జరుగుతాయో అడుక్కోండి.

మారతహళ్లి మామ
ఇడుపులపాయే మొదటి ఆప్షన్ పెట్టిస్తా. ఒకసారి చూసొద్దామంటే ఇక్కణ్ణుంచి ఎట్లా పోవాల తమ్ముడూ?

ఆర్08, బెళ్లందూరు
కదిరి మీద పులివెందులకు పో. అక్కడ వేంపల్లె బస్సెక్కు. వేంపల్లెలో ఎవర్నడిగినా ఆటో చూపిస్తారు. ఎండాకాలంలో మాత్రం పొద్దున్నే చేరుకో, పదకొండు దాటితే ఆ కొండల మధ్య నిలబడలేవు.