మైండ్‌ఫుల్‌నెస్ మొదలుపెడితే దడ ఇంకా పెరుగుతోంది, ఏం చెయ్యాలి?

కూకట్‌పల్లి_వాసి:
యాంగ్జైటీకి మాత్రలు వాడుతున్నాను. దాంతోపాటు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని మంచీచెడూ ఎంచకుండా గమనించే సాధన) చెయ్యమన్నారు సైకియాట్రిస్టు గారు. యాప్ పెట్టుకుని పొద్దున్నే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెడితే గుండె దడ ఎక్కువవుతోంది. ఇది మామూలేనా, ఆపెయ్యాలా? రెండోది, "మన మీద మనం దయగా ఉండాలి" అంటారు కదా, అలా ఉంటే బద్ధకం రాదా? అసలే అప్రైజల్ దగ్గరపడింది. మూడోది, ధ్యానంలో చెప్పే సమత్వం (ఏదొచ్చినా తొణక్కపోవడం) అంటే దేన్నీ పట్టించుకోకపోవడమేనా? ఇంట్లోవాళ్లేమో విపశ్యన అనే పది రోజుల మౌన ధ్యాన కోర్సుకి వెళ్లిరమ్మంటున్నారు. అనుభవాలు వద్దండీ, ఎలా చెయ్యాలో చెప్పండి చాలు.

నిదానం:
మొదటిదానికి చెప్తాను. చాలామందికి ఇలాగే అవుతుంది. యాంగ్జైటీ ఉన్నప్పుడు మనసు అసలే ఛాతీ బిగువు, గుండె వేగం మీద కాపలా కాస్తుంటుంది. కళ్లు మూసి శ్వాసే చూడమంటే ఆ కాపలా రెట్టింపవుతుంది. పైగా గమనించడం మొదలుపెట్టగానే తెలియకుండానే ఊపిరి లోతుగా, గబగబా లాగుతారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి మళ్లీ భయం.

మానక్కర్లేదు, పద్ధతి మార్చండి. కుర్చీలో కూర్చుని, కళ్లు తెరిచే ఉంచి, చూపు మూడు నాలుగు అడుగుల అవతల నేల మీద పెట్టండి. శ్వాస జోలికి పోవద్దు. ధ్యాసంతా అరికాళ్ల మీద: మడమ ఎక్కడ ఆనుతోంది, గచ్చు చల్లగా ఉందా, వేళ్లు బిగదీసుకున్నాయా. అదీ కుదరకపోతే చప్పుళ్లు వినండి. పక్క ఫ్లాట్లో కుక్కర్ విజిల్, కింద ఆటో హారన్, అపార్ట్‌మెంట్ జనరేటర్, ఏదైనా సరే. ఇరవై నిమిషాలు మొదట్లోనే ఎక్కువ. మొదటి వారం మూడేసి నిమిషాలు, పొద్దునా సాయంత్రం. రెండో వారం ఐదు.

కూర్చునే ముందు కంగారుకి పదికి ఎన్ని మార్కులో వేసుకోండి. మధ్యలో ఏడు దాటితే పళ్లబిగువున భరించొద్దు. లేచి నాలుగడుగులు వేసి, గదిలో ఐదు వస్తువుల పేర్లు పైకి అనండి. ఐదారు దగ్గరుంటే మాత్రం లేవకండి, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ప్రతి చిన్న దడకీ లేచిపోతే భయమే బలపడుతుంది.

ఇంకో చిక్కుంది. కూర్చున్నంతసేపూ "నాకే ఎందుకిలా" అని తవ్వుకుంటూ అదే ధ్యానం అనుకోవడం. "ఎందుకు" అని మొదలైందని తెలియగానే "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ, ఎలా ఉంది" అనే ప్రశ్నకి మళ్లించండి.

ధ్యానమే_మందు:
2022లో అమెరికాలో ట్రయల్ వచ్చింది కదా, యాంగ్జైటీకి ఇది మందుతో సమానమని. ఇంకా మాత్రలెందుకు? మానేసి గట్టిగా కూర్చుంటే సరి.

సనత్‌నగర్_సైకాలజీ:
పై సలహా ఎవరూ పాటించొద్దు, దయచేసి. ఆ ట్రయల్లో 276 మంది. కొందరికి ఎసిటలోప్రామ్ అనే యాంగ్జైటీ మాత్ర ఇచ్చారు, కొందరిని ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించే) కోర్సులో పెట్టారు. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన కోర్సు అది. 8 వారాలు, వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాలు, పైగా ఒక రోజంతా సాధన. యాప్ దానికి సాటి రాదు. వాడుతున్న మందు ఆపితే ఏమవుతుందని చూసిన ట్రయల్ కూడా కాదు. ఎసిటలోప్రామ్ లాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. అప్పుడు జబ్బు తిరగబెట్టిందో, మందు ఆపినందుకో తేల్చుకోలేం. తగ్గించాలంటే డాక్టరు గారే మెల్లగా తగ్గిస్తారు.

ఇక మీ రెండో ప్రశ్న, బద్ధకం సంగతి. 2012లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే పరిశోధకులు పరీక్ష సరిగ్గా రాయలేకపోయిన విద్యార్థుల మీద చూశారు. తమ మీద దయగా ఆలోచించమన్నవాళ్లే తర్వాతి పరీక్షకి ఎక్కువసేపు చదివారు. తిట్టుకోవడం వల్ల తప్పు వైపు చూడాలంటేనే భయమేస్తుంది, పని వాయిదా పడుతుంది.

మీ తమ్ముడు పెట్టిన కోడ్‌లో బగ్ (తప్పు) ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు వాడేదాకా, వెళ్లిపోయిందనుకోండి. "దద్దమ్మా, నీవల్ల ఏదీ కాదు" అనరు. "పోన్లేరా, అయిందేదో అయింది, ముందు రోల్‌బ్యాక్ చెయ్యి (పాత కోడ్ తిరిగి పెట్టు), ఎక్కడ తప్పిందో రేపు చూద్దాం" అంటారు. అదే మాట, అదే గొంతు మీకూ వాడండి. "రోల్‌బ్యాక్ చెయ్యి" అన్న భాగం వదిలేస్తే మాత్రం మీరు భయపడుతున్న బుజ్జగింపే అవుతుంది. "నన్ను నేను ప్రేమించుకుంటున్నాను" లాంటి అరువు వాక్యాలు మన నోట ఎలాగూ అతకవు.

మన మీద మనం దయ చూపడం గురించి పరిశోధించిన సైకాలజిస్టు క్రిస్టిన్ నెఫ్ చెప్పిన మూడు భాగాల ప్రకారం ఒక నిమిషం చాలు. చెయ్యి ఛాతీ మీదో, మరో చేతి మీదో వేసి: "ఇప్పుడు కష్టంగా ఉంది." "ఇది నాకొక్కడికే కాదు." "ఇప్పుడు నాకేం కావాలి?" మొదట్లో ఏడుపో కోపమో పొంగొచ్చు. లోపల నిప్పంటుకున్న గది తలుపు తెరిస్తే గాలి తగిలి మంట ఎగసినట్టు అన్నమాట. అలా అయితే ఆరోజుకి ఆపి, అరికాళ్ల సాధనకి వెళ్లండి.

మెల్లగా_మెల్లగా:
మూడోది నేను చెప్తా. రేటింగ్ తక్కువొస్తే మొహం వేడెక్కుతుంది, చెవులు ఎర్రబడతాయి. సమత్వం ఉన్నా అవి వస్తాయి. మేనేజర్‌కి ఆ నిమిషంలోనే మెయిల్ కొట్టారా, డ్రాఫ్ట్‌లో పెట్టి మర్నాడు చూశారా అన్న దగ్గరే తేడా. బయటికి నవ్వుతూ లోపల నొక్కేసుకోవడమూ సమత్వం కాదు, అది రాత్రి నిద్ర చెడగొడుతుంది. ఉదాసీనతని ఉపేక్షకి (బౌద్ధంలో సమత్వానికి ఆ పేరు) దగ్గరి శత్రువన్నాడు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు, ఐదో శతాబ్దంలోనే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి మరి. ఇష్టమైన కూర చప్పగా అనిపించడం, అమ్మ ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవడం, ఇలా దేనిమీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే "నాకు సమత్వం వచ్చేసింది" అనుకోకుండా డాక్టరు గారికి చెప్పండి. అది డిప్రెషన్ లక్షణం కావచ్చు.

దీన్ని నేరుగా సాధన చెయ్యాలని చూడకండి. పైన చెప్పిన రెండూ నిలదొక్కుకుంటే కొంత అదే వస్తుంది.

విపశ్యనకి ఇప్పుడే వద్దంటాను. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మ ఖేత్త విపశ్యన కేంద్రంలో అయినా, మరెక్కడైనా ఒకే పద్ధతి: పొద్దున నాలుగింటికి గంట, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవడం, మాటల్లేవు, ఫోన్ లేదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాసే చూడాలి. మీకు దడ పుట్టిస్తున్నది అదేగా! అప్లికేషన్లో మానసిక సమస్యలు, మందుల గురించి అడుగుతారు. దాచొద్దు, కోర్సు కోసం మాత్రలు ఆపొద్దు. బైపోలార్ (మూడ్ విపరీతంగా ఎగసి పడిపోయే జబ్బు) ఉన్నవాళ్లకి నిద్ర తగ్గితే మానియా (అతి ఉద్రేకం) రేగే ప్రమాదం కూడా ఉంది.

కూకట్‌పల్లి_వాసి:
చాలా థాంక్సండీ. ఎదురుగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లు కావాలంటే? ఆఫీసుకి వెళ్లే దారిలో చెయ్యొచ్చా?

సనత్‌నగర్_సైకాలజీ:
క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటపడొద్దు. ఖర్చు ఇబ్బందైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే సాధన పక్కనపెట్టి టెలీమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది.

బండి నడుపుతూ మాత్రం వద్దు. మెట్రో అయితే కూకట్‌పల్లిలో ఎక్కి బాలానగర్ వచ్చేదాకా, ఒక్క స్టేషన్, కళ్లు తెరుచుకునే అరికాళ్లు గమనించండి. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ప్రయత్నించకండి, అక్కడ కాళ్లు తొక్కించుకోకుండా చూసుకుంటే అదే పదివేలు.