ఇంటి మీద జెండా: దేశభక్తా, పక్కవాడిని గుచ్చడమా? మీ ఊళ్ళో ఎట్లా ఉందో చెప్పండి

పెన్నాగట్టు (నెల్లూరు):
మొన్న ఆగస్టులో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన బండి మీద పోతా ఇళ్ళన్నీ వీడియో తీసి పెట్టాడు. కింద "జెండా కట్టని ఇళ్ళు ఎవరివో మీరే చూడండి" అని రాశాడు. చూశాను. కట్టని ఇళ్ళు చాలానే ఉన్నాయి. తాళం వేసి హైదరాబాదు పోయినవాళ్ళ ఇల్లు, బాలింత ఉన్న ఇల్లు, ఇట్లాంటివేమీ పట్టించుకోని మా ఎదురింటి బ్యాంకు మేనేజరుగారి ఇల్లు. కానీ సాయంత్రం దాకా గ్రూపులో నడిచిన మాటంతా ఒక్క ఇంటి గురించే, వెనక వీధిలో బాడుగకుండే ముస్లింల ఇల్లు. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే అందరికంటే పెద్ద జెండా తెచ్చి కట్టాడు. దానికీ "చూశారా, చెప్తేగానీ కట్టలేదు" అన్నారు.

మా ఇంటి మీదా జెండా ఉంది, ప్రతి ఏడూ కడతాం, నాకు ఇష్టం కూడా. ఈ ఏడు మాత్రం నేను కట్టినదీ ఆ వీడియో తీసినాయన కట్టినదీ ఒకటేనా అని మనసు పీకుతా ఉంది. మీ ఊళ్ళల్లో, మీరుండే దేశాల్లో ఎట్లా ఉందో రాయండి. పార్టీల గోల వద్దు.

గూడూరు నిమ్మ:
మన దేశంలో మన జెండా కట్టుకోవడానికి కూడా చర్చేందక్కా? ఇష్టమున్నోళ్ళు కడతారు, లేనోళ్ళు మానుకుంటారు.

పెన్నాగట్టు:
లేనోళ్ళు మానుకుంటే వీడియో తీస్తున్నారనే కదా అబ్బయ్యా నేను రాసింది.

లీడ్స్‌లో ఒంగోలోడు:
అక్కా, ఇది చదివి ఆగలేక రాస్తున్నా. 2025 ఆగస్టులో ఇంగ్లండులో కరెంటు స్తంభాలకి ఇంగ్లండు జెండాలు (తెలుపు మీద ఎర్ర శిలువ) కట్టడం మొదలైంది, బర్మింగ్‌హాం వైపు పుట్టి ఊరూరికీ పాకింది. "ఆపరేషన్ రైజ్ ద కలర్స్" అని దానికో పేరు. కొన్నిచోట్ల రోడ్ల మధ్య ఉండే చిన్న రౌండబౌట్ల మీద తెల్ల రంగు పైన ఎర్ర శిలువ కూడా పూసేశారు. బర్మింగ్‌హాం కౌన్సిలు స్తంభాల మీదవి దించుతామంటే దాని మీద ఇంకో గొడవ.

ఆ జెండా మాకు కొత్త కాదు. 2024 యూరో ఫైనల్లో ఇంగ్లండు స్పెయిన్ మీద ఓడిపోయిన రోజు మా వాడు అదే జెండా ఒంటికి చుట్టుకుని ఏడ్చాడు. ఫుట్‌బాల్ ఉంటే పబ్బుల మీద, కార్ల మీద, అన్నిటి మీదా అదే, అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. ఆ ఆగస్టు తేడా ఏందంటే, శరణు కోరి వచ్చినోళ్ళని పెట్టిన హోటళ్ళ ముందు ధర్నాలు అదే వేసవిలో జరిగాయి, అక్కడ జనం చేతుల్లో ఉండేవీ ఇవే జెండాలు. నేను నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికొచ్చేటప్పటికి మా వీధి స్తంభాలన్నిటికీ వేలాడుతున్నాయి. ఎవరు కట్టారో తెలీదు. మా పక్కింటి ముసలాయన తోటలో కర్ర పాతి జెండా ఎగరేసుకుని ఎన్నేళ్ళయిందో, దాన్ని చూసి నాకెప్పుడూ టెన్షన్ రాలేదు, ఎందుకంటే ఆయనెవరో నాకు తెలుసు, నేనెవరో ఆయనకి తెలుసు. రాత్రికి రాత్రి ఎవరో నిచ్చెనేసి కట్టిపోయిన దాన్ని చూస్తే మాత్రం నాకు చెప్పడానికే కట్టారేమో అనిపిస్తుంది. అట్లా కట్టినోళ్ళలో మామూలుగా దేశమంటే ప్రేమతో కట్టినోళ్ళు బోలెడుమంది ఉంటారు, కాదనను. కింద నడిచేవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు, అదే బాధ.

1970ల్లో ఇక్కడికొచ్చిన పంజాబీ పెద్దాయన ఒకరు నాతో అన్నారు, అప్పట్లో వలస వచ్చినోళ్ళంటే పడని నేషనల్ ఫ్రంట్ పార్టీ వాళ్ళు యూనియన్ జాక్, అంటే బ్రిటన్ జెండా, పట్టుకుని ఊరేగేవాళ్ళు, అది కనిపిస్తే వీధి దాటి అవతలి వైపు నడిచేవాళ్ళమని. ఆయనకి ఇప్పటికీ జెండా చూస్తే ముందు చుట్టూ ఎవరున్నారో చూసుకునే అలవాటు పోలేదు.

గూడూరు నిమ్మ:
అన్నా, అక్కడ నువ్వు బయటోడివి, భయపడ్డావు, అర్థం చేసుకుంటా. ఇక్కడ బయటోళ్ళెవరున్నారు? అందరిదీ ఒకటే జెండా.

కోటమిట్ట పిల్ల (నెల్లూరు):
అందరిదీ ఒకటే జెండా అని మాకూ అనిపిస్తుంది అన్నా. చిన్నప్పటి నుంచి మా నాయన ఆగస్టు 15కి మేడ మీద జెండా కడతాడు, అమ్మ సేమియా చేస్తుంది, వీధిలో పిల్లలందరికీ మా ఇంట్లోనే చాక్లెట్లు. ఎవరూ చెప్తే చేసింది కాదు. మేమేదో భయంతో కడతామని ఈ చర్చలో జాలిపడేవాళ్ళు కూడా కాస్త ఆగాలి, మా ఇష్టాన్ని కూడా భయం ఖాతాలో రాసేస్తే ఎట్లా?

కానీ ఒకటి నిజం. ఇదివరకు నాయన కట్టి కిందికొచ్చేవాడు, అంతే. ఇప్పుడు మేడ మీద ఫోటో తీయించుకుని ఆఫీసు గ్రూపులో పెడతాడు. ఎందుకు నాయనా అంటే "ఉండనీలే" అంటాడు. పెద్ద జెండా కడితే "ఓవర్ యాక్షన్", చిన్నది కడితే "మొక్కుబడి". బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకి ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు కదా, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె అని, అక్కడ మొక్కే అడుగుతారు గానీ నువ్వెవరని అడిగేవాళ్ళు నాకు కనపడలేదు. అదీ ఈ ఊరే, ఆ వాట్సాప్ గ్రూపూ ఈ ఊరే.

పెన్నాగట్టక్కా, ఆ బాడుగింటాయన దగ్గరికి మీలో ఎవరైనా వెళ్ళి మాట్లాడారా?

పెన్నాగట్టు:
మా ఆయన వెళ్ళొచ్చాడమ్మా. టీ ఇచ్చి క్రికెట్ గురించి మాట్లాడి పంపించాడంట, జెండా ఊసే ఎత్తలేదంట.

మార్కాపురం పలక:
నాకు రోడ్డు పక్కన షాపు ఉంది, ర్యాలీలు అన్నీ మా ముందు నుంచే పోతాయి. ఏ ర్యాలీ ఎందుకు తీస్తున్నారో జెండాని చూసి చెప్పలేను గానీ, ఎక్కడ స్లో అవుతుందో చూసి చెప్పేస్తా. ఒకసారి తిరంగా బైకు ర్యాలీ వచ్చింది, బస్టాండ్ దాకా కుర్రాళ్ళు నవ్వుకుంటా, సెల్ఫీలు తీసుకుంటా పోయారు, మసీదు సందు మొదట్లోకి రాగానే బళ్ళు ఆపి సైలెన్సర్లు రెయిజ్ చేసి అక్కడే పావుగంట నినాదాలు. నినాదాల్లో తప్పు మాట ఒక్కటి లేదు, అన్నీ భారత్ మాతా కీ జై, వందేమాతరమే. కానీ ఆ జై దేశానికి కొడుతున్నారా, ఆ సందులో వాళ్ళ మీద కొడుతున్నారా అన్నది నిలబడి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఇంకో ఏడు కాలేజీ పిల్లలు ఎన్‌సీసీ వాళ్ళతో కలిసి పొడుగు జెండా పట్టుకుని అదే రోడ్డు మీద పోయారు, ఎండకి అల్లాడుతుంటే అదే సందులోవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పోశారు.

2018 జనవరి 26న ఉత్తరప్రదేశ్‌లో కాస్‌గంజ్ అనే ఊళ్ళో ఇట్లాంటి బైకు ర్యాలీయే గొడవై ఒక కుర్రాడి ప్రాణం పోయింది. ఆ వీధిలో ముస్లింలు అప్పటికే జెండా పండక్కి కుర్చీలు వేసుకుంటున్నారని పేపర్లలో వచ్చింది. రెండువైపులా ఒకటే జెండా. అంత దూరమెందుకు, మన పక్కన గుంటూరులో జిన్నా టవర్ సంగతి చూడండి. 2022 జనవరి 26న దాని మీద జెండా కడతామని కొందరు వస్తే పోలీసులు పట్టుకుపోయారు, వారం పది రోజుల్లోనే ఆ టవర్‌కి మూడు రంగులు వేసి అధికారికంగానే జెండా ఎగరేశారు. ఎగిరింది అదే జెండా, ముందొచ్చినోళ్ళు ఎందుకొచ్చారో తర్వాతోళ్ళు ఎందుకు వేశారో చూస్తే కారణాలు వేరు.

గూడూరు నిమ్మ:
జిన్నా పేరు మార్చమంటే తప్పా?

మార్కాపురం పలక:
అడుగు, మున్సిపాలిటీకి అర్జీ పెట్టు. జెండాని అర్జీ కాగితం చేయొద్దంటున్నా.

కొత్తపట్నం మేష్టారు:
నేను రిటైరయిన హెడ్‌మాస్టర్ని. జెండా గురించి ఉపన్యాసాలు చాలా ఇచ్చాను గానీ బడిలో జెండా రోజంటే నాకు గుర్తొచ్చేది ముడి. పూలు పెట్టి మడిచి, లాగితే విడిపోయేలా ముడి వేయడం మా డ్రిల్లు మాస్టారికి తప్ప ఎవరికీ వచ్చేది కాదు. ఆయన సెలవులో ఉన్న ఏడు సర్పంచిగారు ఎంత లాగినా ఊడదే! చివరికి ఏడో తరగతి పిల్లాడు స్తంభం ఎక్కి విప్పితే పూలన్నీ వాడి నెత్తిన పడ్డాయి. ఆ నవ్వుల్లోనే జనగణమన పాడాం. ఎవరికీ అవమానం అనిపించలేదు, ఇప్పుడైతే ఎవరో ఒకరు వీడియో తీసి కలెక్టరుకి పంపేవాళ్ళు.

ఇక అసలు సంగతి. పింగళి వెంకయ్యగారిది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు అని అందరికీ తెలుసు, చాలా ఏళ్ళు నెల్లూరులో ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారని మన జిల్లా పిల్లలకే తెలియదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో ఆయన గాంధీకి జెండా నమూనా ఇచ్చారు, ఆ సమావేశాలయిన వారానికే ఏప్రిల్ 7న గాంధీ మన పల్లిపాడు వచ్చి పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. వెంకయ్యగారు ఇచ్చినదాంట్లో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి, హిందువులు, ముస్లింలు అని అప్పట్లో చెప్పుకునేవారు. మిగతా అందరి కోసం తెలుపు కూడా చేర్చమన్నది గాంధీ. తర్వాత 1931లో కాంగ్రెసే రంగులకి మతాల అర్థం తీసేసి త్యాగం, శాంతి అని చెప్పింది, ఎరుపు పోయి కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ జెండా మధ్యలో ఉన్న రాట్నం తీసి అశోక చక్రం పెట్టింది. మతాల వాటా పంపకం వద్దని అంత జాగ్రత్తపడి తయారుచేసుకున్న గుడ్డ అది.

ఇంకొకటి. 1923లో నాగపూరులో జెండా పట్టుకుని నడిచినందుకు జనాన్ని జైల్లో వేశారు. అప్పుడు జెండా పట్టినవాడికి ధైర్యం కావాల్సి వచ్చింది. ఇప్పుడు మీ కాలనీలో ధైర్యం ఎవరికి కావాల్సి వస్తోంది, కట్టినవాడికా, కట్టనివాడికా? వీడియో తీసినాయన్ని ఈ మాట అడగండి.

చిన్నబజారు రెడీమేడ్:
మేష్టారికి దండం. నేను జెండాలు అమ్మేవాడిని, నా గోల వినండి. 2021 డిసెంబరులో పాలిస్టరు జెండాకి పర్మిషన్ ఇచ్చారు, 2022 ఆగస్టులో ఇంటింటికీ జెండా అన్నప్పుడు పోస్టాఫీసులోనే 25 రూపాయలకి అమ్మారు, మాకూ బేరం బాగానే అయింది. ఖద్దరుది కొనేవాడు లేడు. పాలిస్టరుది నెల రోజులు గాలికి ఉంటే చివర దారాలు పీచు పీచుగా లేస్తాయి, వేడి కత్తితో కోసి అంచు కరిగించిన సరుకైతే కొంచెం ఆగుతుంది. చక్రం రెండువైపులా కనిపించాలి, చవకరకం ఒకవైపే ప్రింటు కొట్టి రెండోవైపు మసక మసకగా వస్తుంది, పైగా మధ్యలో ఉండకుండా పక్కకి జరిగిపోయి ఉంటుంది. ఇది సరిగ్గా లేదండీ, ఇంకోటి చూడండి అంటే "ఏదో ఒకటి ఇవ్వు, ఫోటోకే" అంటారు.

కొనేవాళ్ళని చూస్తే నాకు తెలిసిపోతుంది. ఆటో డ్రైవర్లు చక్రం సరిగ్గా ఉందా అని విప్పి చూసి మరీ కొంటారు. "మా వీధిలో అందరికంటే పెద్ద సైజు ఏది?" అని అడిగేవాళ్ళు గుడ్డని ముట్టుకోను కూడా ముట్టుకోరు.

డల్లాస్‌లో కావలోడు:
ఇక్కడ నేను జులై 4కి అమెరికా జెండా పెడతాను. ఎందుకు పెడతావంటే ఒక్క జవాబు లేదు. పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్ళకి అది వాళ్ళ జెండా. నాకు కొంత ఇష్టం, కొంత జాగ్రత్త. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత మనవాళ్ళ మోటెళ్ళు, పెట్రోలు బంకులు, టాక్సీలు అన్నిటి మీదా పెద్ద పెద్ద జెండాలు లేచాయని పాతవాళ్ళు చెప్తారు. మేము మీ శత్రువులం కాదు బాబూ అని చెప్పుకోవడం అది. నాలుగు రోజులకే అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు ఆయన్ని తన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు, తలపాగా చూసి. 2017లో కాన్సస్‌లో మన తెలుగబ్బాయి కూచిభొట్ల శ్రీనివాస్‌ని "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చినప్పుడు మా అపార్ట్‌మెంట్లలో చాలామంది తలుపులకి జెండాలు పెట్టుకున్నారు. జెండా పెడితే కాల్చేవాడు ఆగుతాడా? ఆగడు. అయినా పెట్టుకున్నాం.

అందుకే ఆ బాడుగింటాయన పెద్ద జెండా ఎందుకు తెచ్చాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గూడూరు నిమ్మ:
కావలన్నా, ఇది నాకు కొత్త. మనోళ్ళు అక్కడ అట్లా పెట్టుకున్నారని తెలీదు. కానీ నేను కడతా, కడుతూనే ఉంటా, నా ఇష్టం.

డల్లాస్‌లో కావలోడు:
కట్టు తమ్ముడూ, ఎవరు కాదన్నారు.

కోర్టు సెంటర్ (ఒంగోలు):
చట్టం మాట నాలుగు ముక్కల్లో చెప్తా. జెండా ఎగరేసుకోవడం పౌరుడి భావప్రకటన హక్కు కిందికి వస్తుందని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జులై నుంచి ఇంటి మీద రాత్రిళ్ళు కూడా ఉంచుకోవచ్చు. చిరిగింది, నలిగింది ఎగరేయకూడదు, దాని మీద పేర్లు, అక్షరాలు రాయకూడదు, పాడయితే నలుగురిలో కాకుండా మర్యాదగా, వీలైతే కాల్చి, ముగించాలి. అవమానిస్తే 1971 చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు. ఇంటి మీద కట్టి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. హక్కంటే వాడుకోవచ్చు, మానుకోవచ్చు. 1985లో కేరళ పిల్లలు ముగ్గురు తమ మత నమ్మకం వల్ల జనగణమన పాడకుండా మర్యాదగా నిలబడినందుకు బళ్ళోంచి తీసేస్తే, తిరిగి చేర్చుకోమని 1986లో సుప్రీంకోర్టే చెప్పింది. 2022లో హర్యానాలో ఒక రేషన్ డీలరు 20 రూపాయల జెండా కొంటేనే సరుకులిస్తానన్నాడని వీడియో వస్తే వాడి లైసెన్సు సస్పెండ్ చేశారు.

వీడియో తీసి ఫలానా ఇల్లు చూడండి అని గ్రూపులో పెట్టడం గురించి అడ్మిన్‌కి రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాట చెప్తే "సరదాకి పెట్టాడు" అంటారు.

పెన్నాగట్టు:
ఆదివారం అసోసియేషన్ మీటింగు ఉంది సార్, అక్కడ రాసిస్తాను. ఇంకో తిప్పలు ఏందంటే, అక్టోబరు వచ్చినా ఆ జెండాలు ఎవరూ దించలేదు. వానకి తడిసి రంగు దిగి, ఒకటి రెండు కేబుల్ వైర్లకి చుట్టుకుని ఉన్నాయి. వీడియో తీసినాయనది కూడా.

మార్కాపురం పలక:
అవి కూడా ఒక వీడియో తీసి పెట్టక్కా, "దించని ఇళ్ళు ఎవరివో చూడండి" అని.

కోటమిట్ట పిల్ల:
వద్దక్కా, మళ్ళీ అదే పని మనమూ చేసినట్టవుతుంది. మీటింగులో అన్నీ దింపించి ఒకచోట చేర్చమని అడగండి చాలు. మీ వెనక వీధి ఆయన తన జెండా ఆగస్టులోనే దించి మడిచి పెట్టుకుని ఉంటాడు, పందెం.

పెన్నాగట్టు:
ఇప్పుడే మేడెక్కి చూశా. ఆయన ఇంటి మీద కర్ర కూడా లేదు.