ఆదిత్య-ఎల్1, జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని రెండూ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నప్పుడు చోట్లు ఎందుకు వేరయ్యాయి?

ప్రశ్న: వంశధార (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. అరసవల్లి మాకు దగ్గరే కావడం వల్ల, మార్చి 9 నుంచి 11 వరకు, మళ్లీ అక్టోబర్ 1 నుంచి 3 వరకు ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయన్న సంగతి మా పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు తూర్పుకు దాదాపు ఒకే మేర దక్షిణంగా ఉదయిస్తాడని చెబితే ఇట్టే గ్రహిస్తారు. సూర్యుడి పాఠమంటే వారికి అంత ఇష్టం.

గత వారం తొమ్మిదో తరగతిలో సూర్యుణ్ని పరిశీలించే మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 గురించి చెబుతూ, అది 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న తన కక్ష్యకు చేరిందని, భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో ఉందని వివరించాను. ఒక అమ్మాయి లేచి, "జేమ్స్ వెబ్ కూడా పదిహేను లక్షల కిలోమీటర్లేనని మొన్న చెప్పారు కదా మాస్టారూ, మరి రెండూ ఒక్కచోటే ఉన్నాయా?" అని అడిగింది. ఒకటి భూమికి సూర్యుడి వైపున ఎల్1 అనే బిందువు దగ్గర, రెండోది అవతలి వైపున ఎల్2 అనే బిందువు దగ్గర ఉన్నాయని నల్లబల్ల మీద బొమ్మ గీసి, సూర్యుడూ భూమీ సమానంగా లాగే చోటే ఎల్1 అని పత్రికల్లో చదివినదే చెప్పాను. ఆ అమ్మాయి బొమ్మను కాసేపు చూసి, "ఎల్2 దగ్గర ఇద్దరూ ఒకే వైపుకు లాగుతారు కదండీ, అక్కడ సమానం ఎలా అవుతుంది?" అంది. నా దగ్గర సమాధానం లేదు, సోమవారం చెబుతానని మాట ఇచ్చాను. తొమ్మిదో తరగతి వారికి అర్థమయ్యేటట్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు: చంపావతి (విజయనగరం)

మాస్టారూ, మీ విద్యార్థిని పట్టుకున్నది నిజమైన తప్పు. సమానంగా లాగే చోటు అన్న మాట ఎల్2కే కాదు, ఎల్1కి కూడా పొసగదు. సూర్యుడి ద్రవ్యరాశి భూమికి సుమారు 3,33,000 రెట్లు. ఆకర్షణ దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక లెక్క కడితే, రెండు ఆకర్షణలూ సరిసమానమయ్యే చోటు భూమికి దాదాపు 2,60,000 కి.మీ. దూరంలోనే వస్తుంది. అది చంద్రుడికంటే దగ్గర. ఎల్1 వద్దనైతే సూర్యుడి ఆకర్షణ భూమి ఆకర్షణకు సుమారు 34 రెట్లు ఉంటుంది.

చూడవలసింది ఆకర్షణల సమానత్వం కాదు, చుట్టి రావడానికి పట్టే కాలం. సూర్యుడికి దగ్గరగా తిరిగేది త్వరగా చుట్టి వస్తుందని కెప్లర్ నియమం. 15 లక్షల కి.మీ. అంటే భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న 15 కోట్ల కి.మీ.లో నూరో వంతు. భూమి అనేదే లేకపోతే, ఆ నూరో వంతు లోపలగా ఉన్న వస్తువు దాదాపు 360 రోజుల్లో సూర్యుణ్ని చుట్టేసి, ఏటేటా మనకంటే ముందుకు సాగిపోయేది. భూమి ఇవతలి నుంచి లాగుతూ సూర్యుడి పట్టును సుమారు మూడు శాతం సడలించడం వల్లనే దానికి కూడా మనలాగే 365 రోజులు పడుతున్నది. ఎల్2 దీనికి తిరగవేసిన లెక్క. అక్కడి వస్తువు తనంత తానుగా తిరిగితే దాదాపు 371 రోజులు పట్టాలి. భూమి ఆకర్షణ సూర్యుడి ఆకర్షణకు తోడై పట్టు బిగియడం వల్ల అది కూడా 365 రోజుల్లోనే తిరిగి వస్తుంది. ఇద్దరూ ఒకే వైపుకు లాగడం అక్కడ లోపం కాదు, అవసరం.

పూర్వం కళ్లంలో గుంజకు పశువులను ఒకే పలుపుతో వరుసగా కట్టి వరి నూర్చేవారు. గుంజ దగ్గరి ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది కనుక నెమ్మదిగా అడుగు వేస్తుంది, చివరి ఎద్దు పెద్ద చుట్టు తిరుగుతుంది కనుక దాదాపు పరుగు తీస్తుంది. అయినా వరుస చెదరదు, అన్నీ కలిసే చుట్టు పూర్తిచేస్తాయి. ఆదిత్య, భూమి, వెబ్ కూడా అలాగే ఒక వరుసలో తిరుగుతున్నాయి. యంత్రాలు వచ్చాక పుట్టిన పిల్లలు ఈ నూర్పును చూసి ఉండరు. ముగ్గురిని చేతులు పట్టించి మైదానంలో తిప్పితే వారికే తెలిసిపోతుంది.

జవాబు: నాగావళి గట్టు (శ్రీకాకుళం)

చోట్లు ఎందుకు వేరయ్యాయన్నదానికి నా వంతుగా నాలుగు మాటలు. వెబ్ చూసేది పరారుణ కాంతిని, అంటే వేడి రూపంలో వచ్చే వెలుగును. విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల తొలినాటి గెలాక్సీల కాంతి దారిలో సాగి సాగి పరారుణంగా మారి మనల్ని చేరుతుంది. విశ్వం పుట్టిన తరువాత 30 కోట్ల సంవత్సరాలైనా నిండక ముందే వెలుగుతున్న గెలాక్సీని వెబ్ చూడగలిగింది. అయితే దూరదర్శిని తానే వెచ్చగా ఉంటే ఆ వెచ్చదనమే అద్దంలో మెరిసి అంతటి మసక వెలుగును మింగేస్తుంది. ఎల్2 నుంచి చూస్తే సూర్యుడు, భూమి, చంద్రుడు మూడూ ఒకే వైపున ఉంటాయి కనుక టెన్నిస్ కోర్టంత వెడల్పున్న ఒక్క గొడుగు సరిపోతుంది. ఐదు పొరల ఆ గొడుగుకు ఎండ వైపున సుమారు 85 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటే, నీడలోని అద్దాలు -223 డిగ్రీలకంటే దిగువన ఉంటాయి. ఎల్1లోనైతే సూర్యుడు ఒక పక్క, భూమి మరో పక్క కాస్తాయి, ఒక్క గొడుగు చాలదు.

ఆదిత్యకు కావలసింది నీడ కాదు, అడ్డులేని సూర్యదర్శనం. సరిగ్గా ఎల్2 బిందువు నుంచి చూస్తే భూమే సూర్యబింబంలో అధిక భాగాన్ని కప్పేస్తుంది. భూమికి దగ్గరి కక్ష్యలలో సాధారణంగా భూమి నీడ అడ్డుపడుతూ ఉంటుంది. 650 కి.మీ. ఎత్తున తిరిగే మన ఆస్ట్రోశాట్ నక్షత్రాలను, గెలాక్సీలను అతినీలలోహిత, ఎక్స్ కిరణాలలో చూస్తూ ఎంతో విలువైన పని చేసింది కానీ, సూర్యుణ్ని రాత్రింబవళ్లు రెప్పవేయకుండా చూడాలంటే ఎల్1కే వెళ్లాలి. ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. సూర్యుడి నుంచి వీచే సౌరపవనం ఎల్1 దాటిన సుమారు గంటకు భూమిని తాకుతుంది. ఎగువన ఉన్న ఊరి వారు ఏటికి వరద వస్తున్నదని దిగువ ఊరికి కబురు పంపినట్లు ఆ గంట ముందే సంగతి తెలుస్తుంది. మన జిల్లా వారికి ఈ పోలిక వివరించనక్కరలేదు.

జవాబు: పాత విద్యార్థి (విజయనగరం)

పై ఇద్దరూ చెప్పినదానికి ఒక్క విషయం చేర్చాలని ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం మా ఇంట్లో తలుపులన్నీ మూసి, కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కారు. అయినా పెంకుల మధ్య కన్నాల నుంచి రోజూ నేల మీద పడే గుండ్రటి వెలుగు బిళ్లలు ఆ రోజు పడక మానలేదు. చూస్తుండగా ఒక్కొక్కటీ కొరికిన అప్పంలా తరిగి, చివరకు గది నిండా సన్నని నెలవంకలయ్యాయి. మా నాయనమ్మ కూడా పక్కకు తప్పుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

సంపూర్ణ గ్రహణంలో బింబం పూర్తిగా మరుగయ్యే కొద్దిసేపటి కోసమే శాస్త్రజ్ఞులు దేశదేశాల నుంచి వస్తారు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలకు పైనే అయినా, చాలా పలుచనిది కనుక దాని వెలుగు బింబం వెలుగులో లక్షల వంతులలో ఒక వంతే. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులోనే సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలించి, సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకపోయినా, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూడవచ్చని మరునాడే నిరూపించాడు. ఆ గ్రహణపు పరిశీలనలలో కనబడిన పసుపు గీతే హీలియం కథకు మొదలు. కరోనా మాత్రం అంత సులువుగా లొంగలేదు. ఆదిత్యలోని వీఈఎల్‌సీ అనే పరికరం సూర్యబింబాన్ని తనలో తానే మరుగుపరచి, అంచుకు అతి దగ్గరి కరోనాను గ్రహణం కోసం ఎదురుచూడకుండా చూపడానికి తయారైంది. మాస్టారూ, ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

ప్రశ్న వేసినవారు: వంశధార

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం ముగ్గురిని చేతులు పట్టించి మైదానంలో తిప్పాను. వెబ్ వేషం వేసిన కుర్రవాడు రొప్పుతూ, "నాకే ఎక్కువ దూరం పెట్టారు మాస్టారూ" అన్నాడు, తరగతికి విషయం అక్కడే అర్థమైంది. నేను మొదట చెప్పినది తప్పని కూడా అందరి ముందూ చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంకొకటి అడుగుతున్నది: ఎల్1 దగ్గర ఒక రాయిని వదిలేస్తే అది ఎప్పటికీ అక్కడే ఉంటుందా?

జవాబు: చంపావతి

ఉండదండీ. ఎల్1, ఎల్2 రెండూ బోర్లించిన గిన్నె నెత్తిన గోళీని నిలబెట్టడం వంటివి, కొద్దిగా పక్కకు జరిగినా కొన్ని వారాల్లోనే రాయి దూరంగా జారిపోతుంది. ఆదిత్య కూడా బిందువు మీద నిలబడి లేదు, దాని చుట్టూ సుమారు 178 రోజులకొక చుట్టు తిరుగుతూ, అప్పుడప్పుడు ఇంధనం మండించి దారి సరిచేసుకుంటుంది. సరిగ్గా బిందువు మీదే ఉంటే భూమి నుంచి చూసినప్పుడు వెనకనే సూర్యుడు ఉండి, ఆ రేడియో రొదలో దాని సంకేతాలు కలిసిపోయేవి. రాళ్లు తమంత తాముగా నిలిచే చోట్లు కూడా ఉన్నాయి. గురుగ్రహం కక్ష్యలో, ఆ గ్రహానికి 60 డిగ్రీలు ముందున ఎల్4 వద్ద, 60 డిగ్రీలు వెనుక ఎల్5 వద్ద వేలాది గ్రహశకలాలు ఎంతో కాలంగా గుంపులుగా తిరుగుతున్నాయి. బొమ్మలో ఆ రెండు చోట్లూ ఎక్కడ వస్తాయో ఆ అమ్మాయినే గీయమనండి.