నాన్న మాసికానికి డప్పు మోగాలా, వద్దా?

సిద్దిపేట కొడుకు:
సిద్దిపేట వైపు పల్లె మాది, మాదిగ కుటుంబం. నాన్న పోయి పది నెలలైంది. ఏడాది మాసికం దగ్గర పడేసరికి ఇంట్లో పాత గొడవ మళ్లీ లేచింది. డప్పులు ఉండాలని చిన్నాన్న, వద్దని మా అక్క. నేను ఎటూ తేల్చుకోలేక అడుగుతున్నాను.

నాన్న ముప్పై ఏళ్లు డప్పు కొట్టాడు. ఊళ్లో ఎవరు చనిపోయినా కబురు మా ఇంటికే వచ్చేది. అన్నం ముందు కూర్చున్నా లేచి వెళ్లాల్సిందే. శవం లేచేదాకా కొట్టాలి, కాటిదాకా పాడె ముందు నడవాలి. చివరికి ఇంత కల్లు, నాలుగు రూపాయలు, వాకిలి బయట అన్నం. ఒకసారి నాకు జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే రానన్నాడు. ఆ ఏడు మాకు కూలిపని చెప్పిన రైతు లేడు. నేను పదో తరగతి పాసైన రోజు డప్పును అటక ఎక్కించి, "నువ్వు దీన్ని ముట్టొద్దు బిడ్డా" అన్నాడు. ఇప్పటిదాకా ముట్టలేదు.

అందుకే నాన్న పోయిన రోజు డప్పులు వద్దన్నాను. అయినా మధ్యాహ్నానికి, నాన్నతో కలిసి కొట్టినవాళ్లు నలుగురు పక్క ఊళ్ల నుంచి వచ్చారు. నన్నేమీ అడగలేదు. వాకిట్లో గడ్డిమంట వేసి డప్పులు కాచుకున్నారు. ఒకాయన తోలు మీద వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, మళ్లీ మంటకు చూపించాడు. అచ్చం నాన్న తట్టినట్టే. వద్దని చెప్పడానికి లేచినవాణ్ని అలాగే కూర్చుండిపోయాను.

దింపుడు కల్లం దగ్గర డప్పులు ఆగాయి. నాన్న చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. రెండోసారికే గొంతు పెగల్లేదు. అంతదాకా నన్ను నడిపించింది ఆ దరువేనని అప్పుడు తెలిసింది.

ఓరుగల్లు టీచరక్క:
తమ్ముడూ, నీ బాధ అర్థమవుతోంది. అయినా వద్దనే అంటాను. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఎస్సీలతో బలవంతంగా చాకిరీ చేయించడం నేరమని 1989 చట్టం చెప్పింది. ఇన్నేళ్లయినా మా మండలంలో చావు కబురు వాడకే వస్తుంది. పిలిచేవాడు కళాకారుడా అని పిలవడు, కులం పేరు పెట్టి పిలుస్తాడు. మన చావుకు మనం ప్రేమగా కొట్టించుకుంటే, "వాళ్లకు ఇష్టమేగా" అని ఊరు తన తప్పు దులిపేసుకుంటుంది. సభల్లో డప్పు భుజాన వేసుకుని ఫొటో దిగే పెద్దలున్నారు కదా, వాళ్లలో ఒక్కరైనా పక్కింటి పాడె ముందు కొడతారా? మీ నాన్న ఆ డప్పును అటక ఎందుకు ఎక్కించాడో ఒక్కసారి ఆలోచించు.

ప్రకాశం జిల్లా నుంచి:
మా వైపు పలక అంటాం. మా ఆయన చేసే పని అదే. డప్పు కళాకారులకు ఆంధ్రలో పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 4,000. అది మందులకే చాలదు. ఇప్పుడు కబురొస్తే ఆయన ముందు రేటు మాట్లాడతాడు, ఆటో ఖర్చు వేరే అడుగుతాడు. మర్యాద లేని ఇంటికి వెళ్లడు. ఆ మాట అనడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది అక్కా. మానెయ్యమనడం తేలికే. మానేశాక పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చెప్పండి. ఇప్పటికే సగం చావులకు బ్యాండో డీజేనో వస్తోంది.

అల్వాల్ వాసి:
2023 ఆగస్టులో గద్దర్ అంతిమయాత్ర ఎల్బీ స్టేడియం నుంచి మా అల్వాల్ వచ్చింది. దారి పొడుగునా పాటలే. అంతమందిలో ఎవరికీ అది తక్కువ పని అనిపించలేదు. అదే పాట పల్లెలో పేదవాడి పాడె ముందు మోగితే మాత్రం ఎందుకు చిన్నచూపు? మార్చుకోవాల్సింది ఆ చూపును.

సిద్దిపేట కొడుకు:
అక్కా, మీ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. ఊరి చావులకు ఎవరు పిలిచినా నేను వెళ్లను, నా కొడుకూ వెళ్లడు. అందులో మీ మాటే నా మాట.

కానీ ఒక విషయం ఇక్కడ రాయలేదు. చివరి మూడేళ్లు నాన్న హైదరాబాద్‌లో నా దగ్గరే ఉన్నాడు. టీవీ చూస్తూ మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేసేవాడు. నేను గదిలోకి రాగానే ఆపేసేవాడు. మంచిదేలే అనుకున్నాను. ఒక్కసారైనా "వెయ్యి నాన్నా" అనలేదు. అది ఇప్పుడు బాగా గుచ్చుకుంటోంది.

ఆ నలుగురూ ఎవరో పిలిస్తే వచ్చినవాళ్లు కాదు, నేను వద్దన్నా వచ్చారు. మాసికానికి వాళ్లను మా అక్కే పిలుస్తానంది. నడింట్లో మాతో పాటు వరుసలో కూర్చోబెట్టి అన్నం పెడతాం.

నిన్న అటక మీద నుంచి డప్పు దించాను. వేపకర్ర చట్రం గట్టిగానే ఉంది, వాయించే కర్రలు సిర్ర, చిటికెన పుల్ల గుడ్డలో చుట్టి ఉన్నాయి. తోలు మాత్రం ఎండి చీలిపోయింది. సిద్దిపేట, హుస్నాబాద్ వైపు తోలు బిగించేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి. ప్లాస్టిక్‌ది వద్దు.