బీడులో గొర్రెల నీళ్లకు సోలార్ మోటారా, కుంట పూడికతీతా?

రాయదుర్గం కాపరి:
మా గుట్ట కింద బీడులో నాలుగు మందలు, మొత్తం 500 జీవాలు మేస్తాయి. కరెంటు తీగ రెండు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోయింది. మార్చి దాటితే కుంట ఎండిపోతుంది. మధ్యాహ్నం మందను నీళ్లకు ఊళ్లోకి తోలుకొచ్చి మళ్లీ తీసుకెళ్లేసరికి మేత పూట సగం పోతోంది. బీడులో పాత బోరు ఒకటి ఉంది, నీళ్లు 200 అడుగుల్లో ఉన్నాయి. చందాలు వేసుకుని సోలార్ మోటారు బిగిద్దామని మేము, ఆ డబ్బుతో కుంట పూడిక తీయిద్దామని పెద్దలు. మీరేమంటారు?

కదిరి రైతు:
పూడికే తీయించండి. బిల్లు రాదు కదా అని పొద్దెక్కింది మొదలు పొద్దుగూకేదాకా తోడేస్తారు. మా ఊళ్లో తొట్టి బాల్ వాల్వు పాచి పట్టి ఇరుక్కుపోయింది. నీళ్లు పొర్లి మోకాలి లోతు బురద. అందులో నిలబడి నిలబడి గొర్రెలకు గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి. ఇది చాలదన్నట్టు పక్క చేనాయన తన వేరుశనగకు పైపు కలుపుకున్నాడు. రెండో వేసవికి బోరు వట్టిపోయింది.

మోటారు మెకానిక్:
కదిరి అన్నా, తప్పు ఎండది కాదు, మోటారు సైజుది. గొర్రెకు వేసవిలో రోజుకు 6 లీటర్లు వేసుకున్నా 500 జీవాలకు 3,000 లీటర్లు. అన్ని నీళ్లను 60 మీటర్ల లోతు నుంచి పైకి తేవడానికి లెక్క ప్రకారం అర యూనిట్ చాలు. మోటారులో, పైపులో పోయేది కలిపినా యూనిట్టున్నర. 500 వాట్ల ప్యానెళ్లు మన ఎండకు రోజుకు రెండు యూనిట్లు ఇస్తాయి. సబ్సిడీ వస్తోంది కదా అని పొలాలకు పెట్టే 5 హెచ్‌పీ మోటారు తెచ్చి బీడులో దించితే బోరు వట్టిపోక ఏమవుతుంది? చిన్నది పెట్టండి, వేరుశనగకు పారించేటన్ని నీళ్లు అసలు రావు. బ్యాటరీ జోలికి పోవద్దు. 10,000 లీటర్ల ట్యాంకు కట్టుకుంటే మబ్బు పట్టిన మూడు రోజులు గడుస్తాయి. ప్యానెళ్లు మాత్రం మనిషి ఎత్తు దాటి బిగించండి. మేక ఎక్కని చోటు నేనింతవరకు చూడలేదు.

పాలమూరు పెద్దాయన:
లెక్క బాగుంది నాయనా, మేత లెక్క ఏది? ఆ చుట్టుపక్కల నీళ్లు అక్కడొక్కచోటే ఉంటే నాలుగు ఊళ్ల మందలూ అక్కడికే చేరతాయి. ఏడాది తిరిగేసరికి తొట్టి చుట్టూ గడ్డిపోచ మిగలదు. మేము వేసవిలో మందలతో వలస పోయింది ఒక్క నీళ్ల కోసమేనా? పైగా ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడగాలి. తొట్టిలో కడుగుతారా?

మోటారు మెకానిక్:
కడగడం మాట నాకు తట్టలేదు. అయినా పెద్దాయనా, పూడిక తీసినా వాన పడాలి కదా! అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. ఏప్రిల్‌లో ఆ కుంటలో ఏముంటుంది?

రాయదుర్గం కాపరి:
రాత్రి రచ్చబండ దగ్గర మీ మాటలన్నీ చదివి వినిపించాను. ఉన్ని కడిగే మాట రాగానే మా పెదనాన్న తొడ చరిచారు. చివరికి చిన్న మోటారుకే ఒప్పుకున్నారు, అదీ మార్చి నుంచి జూన్ దాకా మాత్రమే నడపాలని. మిగిలిన డబ్బుతో కుంట తూము దగ్గర పూడిక తీయిస్తాం. ఇక మోటారు పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దానిపై మళ్లీ రెండు వర్గాలయ్యాం.