ఒకే సుంకం మీద రెండు థింక్ ట్యాంకుల లెక్కలు ఎందుకు కలవవు?

పద్దులపుస్తకం (ప్రశ్న)
అంతర్జాతీయ ఆర్థిక వ్యవహారాల మీద పనిచేసే పాలసీ సంస్థల పేపర్లు చదువుతున్నాను. ఒకే 25% సుంకానికి ఒకరు జీడీపీ 0.2% తగ్గుతుందంటారు, ఇంకొకరు 1% అంటారు (అంకెలు ఉదాహరణకే). ఇద్దరూ మోడల్ నడిపామనే చెప్తారు. తేడా ఎక్కడ పుడుతుంది? పేపర్లో ముందు ఏం చూడాలి? ఎక్సెల్‌లో సొంతంగా సరిచూసుకోవచ్చా? డిగ్రీ స్థాయి ఎకనామిక్స్ వచ్చు, మోడలింగ్ రాదు.

తక్కెడ
ముందు సారాంశం కాదు, వెనకాల మోడల్ వివరాలున్న అనుబంధం తెరవండి.

మొదట బేస్‌లైన్. "0.4% తగ్గుతుంది" అంటే వృద్ధి రేటు 3 నుంచి 2.6కు పడుతుందని కాదు. సుంకమే లేకపోతే ఐదో ఏటో పదో ఏటో జీడీపీ ఎంత ఉండేదో, దానికన్నా 0.4% తక్కువ ఉంటుందని. పేపరుకు హెడ్డింగ్ పెట్టేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఒక పేపరు మొదటి ఏడాది అంకె, రెండోది పదో ఏటి అంకె ఇస్తే అవి కలవకపోవడంలో వింతేముంది?

తర్వాత ఉపాధి గురించి ఏమనుకున్నారో చూడండి. జీట్యాప్ (దేశాల మధ్య వాణిజ్యం, ఉత్పత్తి లెక్కలు ఉండే) డేటాబేస్ మీద నడిచే సీజీఈ మోడళ్లు, అంటే అన్ని రంగాల మార్కెట్లనూ ఒకేసారి కలిపి లెక్కేసేవి, మామూలుగా పూర్తి ఉపాధి ఉందనే అనుకుంటాయి. ఒక రంగంలో పని పోయినవాడికి ఇంకో రంగంలో పని దొరికేస్తుంది, జీతం మాత్రం మారుతుంది. అలాంటి మోడల్లోంచి "దేశం మొత్తంలో ఇన్ని లక్షల ఉద్యోగాలు పోతాయి" అనే అంకె రాదు. పేపర్లో కనిపించిందంటే వేరే లెక్కలోంచి తెచ్చి అతికించారన్నమాట. వడ్డీ రేట్లు, వెంటనే మారని ధరలు ఉండే మ్యాక్రో మోడళ్లు ఇందుకు భిన్నం. వాటిలో మొదటి రెండేళ్ల దెబ్బ గట్టిగా కనిపిస్తుంది.

ఎదుటి దేశాలు ప్రతీకార సుంకం వేస్తాయని లెక్కలో పెట్టారా, సుంకం రాబడిని జనానికి తిరిగి పంచినట్టు అనుకున్నారా, అప్పు తీర్చడానికి వాడినట్టా? ఇవి కూడా ఫలితాన్ని బాగానే కదిలిస్తాయి. ఒకే ఒక్క అంకె ఇచ్చి, అంచనాలు మారిస్తే అదెంత మారుతుందో చూపని పేపర్ని నేనైతే పక్కన పెడతాను.

రేవులెక్క
ఎక్సెల్ సంగతి నేను చెప్తాను. ఒక సరుకు దిగుమతి 100 కోట్ల డాలర్లు, కొత్త సుంకం 25%, దిగుమతి గిరాకీ ఎలాస్టిసిటీ (ధర 1% పెరిగితే గిరాకీ ఎంత శాతం తగ్గుతుందో ఆ అంకె) 2 అనుకోండి. సుంకం మొత్తం కొనేవాడి మీదే పడుతుందనీ అనుకుందాం. సెల్లో =100*1.25^-2 కొడితే 64 వస్తుంది. అంటే దిగుమతి 64 కోట్లకు పడుతుంది, రాబడి 16 కోట్లు. 100 కోట్ల మీద 25% వేసి "25 కోట్లు వస్తాయి" అనే వాదనలు ఇక్కడే వీగిపోతాయి. ఎవరికీ దక్కకుండా పోయే నష్టం, అదే గిరాకీ గీత కింద ఏర్పడే త్రిభుజం: 0.5 × 0.25 × 36 = 4.5 కోట్లు.

ఇప్పుడు 2 బదులు 4 పెట్టండి. దిగుమతి సుమారు 41 కోట్లు, రాబడి 10.2, త్రిభుజం 7.4. ఒక్క అంకె మారిస్తే మొత్తం తారుమారైంది చూశారా? అందుకే ఆ ఎలాస్టిసిటీ ఎక్కణ్ణుంచి తెచ్చారో వెతకమనేది. ఏడాది లోపు ప్రభావానికి చిన్న అంకె, దీర్ఘకాలానికి పెద్దది వాడాలి. త్రిభుజం కూడా గిరాకీ సరళరేఖ అనుకుని వేసిన ఉజ్జాయింపే. సుంకం పెరిగేకొద్దీ అందులో తప్పు పెరుగుతుంది.

పద్దులపుస్తకం
అర్థమైంది. కానీ సుంకం మొత్తం కొనేవాడి మీదే ఎందుకు పడాలి? విదేశీ కంపెనీ ధర దించదా?

తక్కెడ
దించవచ్చు. అమెరికా దిగుమతి ధరల సూచీలో సుంకం కలవదు, కాబట్టి సుంకం వేశాక అది పడిందా లేదా చూస్తే తెలుస్తుంది. 2018లో అమెరికా వేసిన సుంకాల మీద వచ్చిన అధ్యయనాల్లో సరిహద్దు దగ్గర ధర దాదాపు తగ్గలేదనే తేలింది. ఉక్కులో మాత్రం ఏడాది గడిచాక విదేశీ అమ్మకందారులు కొంత దిగివచ్చారు. షాపులో ధర వేరే సంగతి, అక్కడ కొంత భారం దిగుమతిదారు, దుకాణదారు లాభంలోంచి పోతుంది.

రేవులెక్క గారి లెక్కలో ఒక చిల్లు ఉంది: దిగుమతిని మాత్రమే చూస్తుంది. 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద వేసిన సుంకం చూడండి. మొదటి ఏడాది తొలి 12 లక్షల యంత్రాలకు 20%, ఆ పైన 50%. సందు దొరికింది కదా అని స్వదేశీ తయారీదారులూ ధర పెంచారు. వాషర్, డ్రయర్ జంటగా అమ్ముడవుతాయి కనుక సుంకమే లేని డ్రయర్ల ధరా ఎక్కింది, రెండూ దాదాపు 12% మేర. ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తల అంచనాలో కొన్నవాళ్ల మీద ఏడాదికి 150 కోట్ల డాలర్ల భారం పడితే ఖజానాకు చేరింది 8.2 కోట్లు. వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800, అంటే ఒక్కోదానికి 8 లక్షల డాలర్ల పైనే. సుంకం పడిన లైను ఒక్కటే చూసినవాడికి డ్రయర్లు కనపడనే కనపడవు.

రేవులెక్క
ఒప్పుకుంటాను, స్వదేశీ అమ్మకాలకు ఇంకో కాలమ్ కావాల్సిందే.

డేటా దించేటప్పుడు జాగ్రత్తలు. యూఎస్ఐటీసీ (అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్) వాణిజ్య లెక్కలు పెట్టే సైటు డేటావెబ్‌లో "ఇంపోర్ట్స్ ఫర్ కన్సంప్షన్" ఎంచుకోండి, "జనరల్ ఇంపోర్ట్స్" కాదు. రెండో దాంట్లో బాండెడ్ గోదాముకు చేరిన సరుకూ ఉంటుంది, దానికింకా సుంకం కట్టలేదు. "క్యాలిక్యులేటెడ్ డ్యూటీస్" (లెక్కగట్టిన సుంకం)ను "కస్టమ్స్ వాల్యూ" (సరుకు విలువ)తో భాగిస్తే అసలు పడిన రేటు వస్తుంది. మినహాయింపుల వల్ల అది ప్రకటించిన 25% కన్నా తక్కువే ఉండొచ్చు.

సుంకం అమల్లోకి వచ్చే ముందు నెలల్లో సరుకు ఎగబడి దించుకుంటారు, తర్వాత దిగుమతి ఒక్కసారిగా పడుతుంది. ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు పోల్చి "సగానికి పడిపోయింది" అంటే అది సుంకం ప్రభావం కాదు, గోదాములో నిల్వ. కనీసం ఏడాదికి ఏడాది పోల్చండి.

ఇంకోటి, హెచ్ఎస్ కోడ్లు (సరుకులను వర్గీకరించే అంతర్జాతీయ నంబర్లు) మారుతుంటాయి. 2022 సవరణలో స్మార్ట్‌ఫోన్లకు 8517.13 అని విడిగా ఇచ్చి, పాత 8517.12 తీసేశారు. పాత కోడ్ మీదే సిరీస్ లాగితే ఆ మార్పు అమల్లోకి వచ్చినప్పటి నుంచి సున్నాలు వస్తాయి. ముందు కోడ్ల మార్పిడి పట్టిక దించుకుని, 8517.13, 8517.14 రెండూ కలిపి పాతదానితో పోల్చండి.