కాప్రీయా, త్రీఫోర్తా, ముప్పావా? ఒక పొట్టి ప్యాంటు పేరు మీద చర్చ

పలక:
పిక్కల మధ్యలో ఆగిపోయే ఆడవాళ్ల ప్యాంటుంది కదా, బట్టల కొట్లో దాన్ని "త్రీఫోర్త్" అంటారు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఒకచోట కాప్రీ, ఇంకోచోట కేప్రీ, మరోచోట క్యాప్రీ అని రాస్తున్నారు. ఏది సరైనది? ఆ పేరున్న ఇటలీ దీవిలోనే ఇది పుట్టిందన్నది నిజమేనా? దీన్ని తెలుగులో "ముక్కాలు ప్యాంటు" అంటే ఎలా ఉంటుంది? ముక్కాలిపీటలాగా మూడు కాళ్ల ప్యాంటు అనుకుంటారేమోనని నా భయం.

గవాక్షం:
ముందు పలుకుబడి. దీవిని ఇటలీ వాళ్లు "కాప్రి" అంటారు. ఊనిక "కా" మీద, చివర పొట్టి ఇకారం. ఇంగ్లీషు నోళ్లలో ఊనిక చివరికి జారి "ప్రీ" అయింది. కాబట్టి దీవికి కాప్రి, ప్యాంటుకు కాప్రీ అని రాస్తే రెండూ న్యాయమే. కేప్రీ మాత్రం ఇంగ్లీషు అక్షరం చూసి చదివిన పలుకుబడి, దానికి ఆధారం లేదు. తమాషా ఏమిటంటే ఆ దీవి పేరు ఎలా వచ్చిందన్నదీ తేలలేదు. లాటిన్‌లో మేక అనే అర్థమున్న మాట నుంచి అని కొందరు, గ్రీకులో అడవిపంది అనే అర్థమున్న మాట నుంచి అని కొందరు.

ఇక పుట్టుక. దీని మీద హక్కు చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు జర్మన్ డిజైనరు సోన్యా ద లెన్నార్ట్. 1920లో బ్రెస్లావ్‌లో పుట్టారు, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. యుద్ధం అయ్యాక మ్యూనిక్‌లో దుకాణం నడిపారు. కాప్రి దీవి మీద మోజుతో తన బట్టల వరసకు ఆ పేరు పెట్టుకున్నారు. వెడల్పు బెల్టుతో పెద్ద ఘేరు స్కర్టు, బ్లౌజు, వాటితోపాటు 1948లో బిగుతుగా, ముప్పావు పొడవుతో, బయటివైపు చిన్న చీలిక ఉన్న ప్యాంటు. అంటే కాప్రీని కత్తిరించింది మ్యూనిక్‌లో.

రెండో హక్కుదారు ఎమీలియో పూచీ. ఫ్లారెన్స్ జమీందారీ కుటుంబం, బిరుదు మార్కీ. 1932 శీతాకాల ఒలింపిక్స్‌కు ఇటలీ స్కీ జట్టుతో వెళ్లాడు, యుద్ధంలో విమానం నడిపాడు. 1947లో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ మంచుకొండల్లో ఆయన గీసిన స్కీ దుస్తుల్ని టోనీ ఫ్రిసెల్ ఫోటో తీసింది. ఆ ఫోటోలు హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రికలో పడి అమెరికాకు ఆయన పేరు తెలిసింది. తర్వాత, 1950 ప్రాంతంలో, కాప్రి దీవిలోనే దుకాణం పెట్టి సన్నటి పొట్టి ప్యాంట్లు, రంగురంగుల చొక్కాలు అమ్మాడు. సెలవులకు అక్కడికి వచ్చిన డబ్బున్నవాళ్లు, సినిమా తారలు వాటిని తొడుక్కుని తమ ఊళ్లకు పట్టుకెళ్లారు.

తారీఖుల లెక్కన పేరు సోన్యాది. దీవిలో అమ్మి ఆ పేరుకు ఊపిరి పోసినవాడు పూచీ. కోత మాత్రం ఇద్దరిదీ కాదంటాను. అమెరికాలో సైకిలు తొక్కే అమ్మాయిల కోసం మోకాలి కిందికి కత్తిరించిన "పెడల్ పుషర్లు" 1940లలోనే ఉన్నాయి. చెయిన్‌లో గుడ్డ ఇరుక్కోకుండా ఉండటానికి అది ఉపాయం. ప్యాంటు పైకి మడుచుకుని నీళ్లలోకి దిగిన జాలరి ఏ శతాబ్దం వాడో ఎవరు చెబుతారు?

వీసం:
పలకగారూ, "ముక్కాలు" మీద మీ భయం సగం నిజమే, అయినా మాట మంచిది. "కాలు" అంటే అడుగు, పాదం అన్న అర్థంతోపాటు నాలుగో వంతు అన్న అర్థమూ ఉంది. తమిళంలో, కన్నడంలో ఇప్పటికీ రోజువారీ లెక్కల్లో కాల్, కాలు అంటే పావే. ముక్కాలు అంటే ముప్పావు. నాలుగు కాళ్ల పశువులో ఒక కాలు నాలుగో వంతు కనక ఈ అర్థం వచ్చింది. సంస్కృతంలో పాదం కూడా ఇదే దారిలో నడిచింది, అందుకే పద్యానికి నాలుగు పాదాలు. మన పావు కూడా ఆ పాదం అరిగిపోగా మిగిలినదే. అంటే ముక్కాలు అన్నా ముప్పావు అన్నా లోపల దాగింది కాలే. ప్యాంటుకు ఇంతకన్నా అతికే పేరు ఎక్కడ దొరుకుతుంది?

కూర్పు సంగతి. మూడు అన్న మాటలో దీర్ఘం పొట్టిదై, "డు" ఎగిరిపోయి, తర్వాతి హల్లు ఒత్తుతుంది. ముప్పావు, ముక్కాలు, ముల్లోకాలు, మువ్వన్నెలు, ముచ్చెమటలు, అన్నీ ఇదే అచ్చు. "మూడుపావు" అని రాస్తే మాత్రం మూడుంబావు అనుకుంటారు, 3.25 అయిపోతుంది. కొలతల దగ్గర ఇది కొంప ముంచే తేడా.

"త్రీఫోర్త్" సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండులో త్రీక్వార్టర్ అంటారు. ఫోర్త్ అన్నది మన దేశంలో కుదురుకున్న వాడుక. దాన్ని తప్పని తీసేయక్కర్లేదు, అదిప్పుడు తెలుగు మాటే.

కత్తెర:
మాట బాగుంది గానీ మిషను దగ్గర ఒక చిక్కుంది. "ముక్కాలు ప్యాంటు" అని గబగబా అంటే "మోకాలు ప్యాంటు" అని వినబడుతుంది. మోకాలి దగ్గర ఆగేది బెర్ముడా, దానికీ దీనికీ ఏడంగుళాల తేడా. ఒకసారి కత్తెర పడ్డాక ఏడంగుళాలు ఎక్కడి నుంచి తెస్తాం? ముప్పావు అంటే ఆ గొడవ లేదు.

అసలు ముప్పావు అంటే దేనిలో ముప్పావు అన్నది తేల్చుకోవాలి. లోపలి కుట్టు పొడవులో కాదు, నడుము నుంచి నేలదాకా పక్క పొడవులో. అయిదడుగుల మూడు, నాలుగు అంగుళాల మనిషికి అది 40 అంగుళాలు అనుకోండి. మోకాలు దాదాపు 23 దగ్గర వస్తుంది. పిక్క బాగా లావుగా ఉండే చోటు 27, 28 దగ్గర. ముప్పావు అంటే 30, పిక్క లావు దాటి సన్నబడటం మొదలయ్యే చోటు. అంచు పడాల్సింది అక్కడే. 28 దగ్గర ఆపితే కాలు అడ్డంగా కోసినట్టు కనబడుతుంది. పైగా కూర్చుని లేచేసరికి అంచు పిక్క మీదికెక్కి అక్కడే పట్టేసుకుంటుంది.

బాటం లూజు, అంటే కింది అంచు చుట్టుకొలత, ఇంకో మెలిక. పిక్క చుట్టుకొలత 14 ఉంటే, సాగని కాటన్‌కు బాటం కనీసం 15 పెట్టాలి. 13కు దింపి బిగువు చూపించాలంటే బయటి కుట్టులో రెండంగుళాల చీలిక ఉండి తీరాలి. గవాక్షంగారు చెప్పిన ఆ జర్మన్ డిజైనరమ్మ చీలిక సోకు కోసమే పెట్టారో లేదో గానీ, చీలిక లేకపోతే సాగే గుణం లేని గుడ్డలో ఆ ప్యాంటు పిక్క దాటి పైకి రాదు. ఇప్పుడు రెండు, మూడు శాతం స్పాండెక్స్ అనే సాగే పోగు కలిపిన గుడ్డలు వచ్చాయి కాబట్టి చాలామంది చీలిక మానేసి అక్కడ ఉత్త గుండీ పెడుతున్నారు.

పలక:
ముప్పావుకు నా ఓటు. కానీ పాత తెలుగులో ఇలాంటి పొట్టి తొడుగులకు పేర్లే లేవా? ప్యాంటు అన్న మాటైనా మనది కాదు కదా.

వీసం:
లేకేం. చల్లడం ఉంది. తొడలదాకా వచ్చే బిగువు తొడుగు, మల్లులకు, బంట్లకు చెప్పే మాట. కన్నడంలో చల్లణ. తెలంగాణలో లాగు ఇప్పటికీ బతికే ఉంది. అయితే ఇవన్నీ మోకాలి పైన ఆగేవి, కాప్రీకి తగిలిస్తే అబద్ధమవుతుంది. షరాయి, ఇజారు, పైజామా పొడుగువి, పారసీ అరబ్బీ దారుల్లో వచ్చినవి. పైజామాలో "పాయ్" అంటే కూడా కాలే, జామా అంటే బట్ట. పంట్లాం వెనిస్ నాటకాల్లోని పంతలోనే అనే పిసినారి ముసలాయన పేరు తిరిగి తిరిగి మనదాకా వస్తే తయారైంది. నిక్కరుదీ చిత్రమైన కథే. వాషింగ్టన్ అర్వింగ్ 1809లో న్యూయార్క్ చరిత్రను వెక్కిరిస్తూ రాసిన పుస్తకానికి రచయితగా నికర్‌బాకర్ అనే కల్పిత పేరు పెట్టుకున్నాడు. అది డచ్చి సంతతి వాళ్ల పేరై, వాళ్ల వదులు లాగు పేరై, చివరికి మన బడిపిల్లల నిక్కరైంది.

నాకు వీటన్నిటికన్నా ముచ్చటైనది సంస్కృతంలోని అర్ధోరుకం. ఊరువు అంటే తొడ, తొడలో సగందాకా వచ్చేది కనక అర్ధోరుకం. అమరకోశంలో స్త్రీల తొడుగుగానే ఉంది, చండాతకం దాని పక్క మాట. వంతును బట్టి బట్టకు పేరు పెట్టడం మనకు కొత్త కాదన్నమాట.

గవాక్షం:
వంతు మాట వచ్చింది కాబట్టి మిగతా భాషలూ చూద్దాం. ఇటలీ వాళ్లే దీన్ని ఎక్కువగా "పెస్కతోరా" అంటారు, జాలరి తరహాది అని. ఇంకో పేరు పినోక్యెత్తో, కొయ్యబొమ్మ పినోక్యో తొడుక్కున్నట్టుండే చిన్న లాగు. ఫ్రెంచి వాళ్లు పంతలోన్‌కు పొట్టి అన్న మాట అతికించి "పాంతాకూర్" అన్నారు, లేదా "కోర్సేర్", అంటే సముద్రపు దొంగ. స్పెయిన్ వాళ్లకూ అది దొంగ ప్యాంటే, "పిరాతా". దీవి పేరును గట్టిగా పట్టుకున్నది జర్మన్లు, ఇంగ్లీషు వాళ్లు. నాకైతే సోన్యా వాదానికి ఇది చిన్న బలంలా కనిపిస్తుంది. సొంత దేశంలో ఉన్న దీవిని చూసి మురిసిపోయి బట్టకు దాని పేరు పెట్టుకోవడం కంటే, ఆల్ప్స్ కొండల అవతల చలిలో కూర్చున్నవాళ్లు పెట్టుకోవడమే సహజం. రుజువు కాదు లెండి, ఊహ.

మనవాళ్లకు ఇది కొత్తగా తోస్తుంది. గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి, ఉప్పాడ అన్నామంటే ఆ చీర అక్కడ మగ్గం మీద నేసిందని అర్థం. కాప్రీ అలాంటి ఊరిపేరు కాదు. అది విహారం పేరు. గుర్రపు స్వారీకి తొడుక్కునే జోధ్‌పురీ బ్రీచెస్‌కు జోధ్‌పూర్‌తో ఉన్న సంబంధం కూడా దీనికి లేదు.

ఇంకో మాట. అమెరికాలో దీన్ని ఇంటింటికీ చేర్చింది టీవీ. 1961లో మొదలైన డిక్ వాన్ డైక్ షోలో నటి మేరీ టైలర్ మూర్ గృహిణి పాత్రకు కాప్రీలు వేసుకుంటానని పట్టుబట్టింది. ప్రకటనలిచ్చేవాళ్లు మరీ బిగుతుగా ఉన్నాయని సణిగారు, కొన్నాళ్లు ఎపిసోడుకు ఒక్క సీనులోనే వేసుకోనిచ్చారు. అప్పటిదాకా టీవీ ఇల్లాలంటే ఘేరు గౌను, మెడలో ముత్యాలు.

పలక:
కత్తెరగారూ, పాత పొడుగు ప్యాంటును కోసి కాప్రీ చేసుకోవచ్చా? యూట్యూబ్‌లో కోసి మడిచేస్తే చాలంటున్నారు.

కత్తెర:
కోయడం తేలికే, మడత దగ్గరే చెడుతుంది. సన్న ప్యాంటు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. 30 దగ్గర ఆపాలంటే ఒకటిన్నర అంగుళం మార్జిన్‌తో 31.5 దగ్గర కోస్తారు కదా. ఆ ముక్కను లోపలికి తిప్పితే సన్నగా ఉన్న అంచు వెళ్లి వెడల్పు భాగం మీద కూర్చోవాలి. చాలదు. లాగి కుట్టేస్తారు, బయట గుడ్డ ముడుచుకుని గీతలు పడతాయి. కొత్తది కుట్టేటప్పుడైతే మార్జిన్‌ను మడత గీత దగ్గర నుంచి అద్దంలో నీడలాగా బయటికి వెడల్పు చేసి కత్తిరిస్తాం. పాత ప్యాంటులో ఆ అవకాశం లేదు కాబట్టి మార్జిన్‌ను ముప్పావు అంగుళానికి తగ్గించండి, లేదా రెండు పక్కల కుట్లనూ మార్జిన్ మేర విప్పి తిప్పండి. అలా విప్పినచోటే బయటివైపు చీలిక వదిలేస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

కోసే ముందు తొడుక్కుని, కూర్చుని గుర్తు పెట్టుకోండి. మోకాలు వంగితే అంచు అంగుళంన్నర, రెండంగుళాలు పైకి పోతుంది. నిలబడి 30 అనుకున్నది కూర్చుంటే 28 అవుతుంది, సరిగ్గా పిక్క లావు మీద. లావు పిక్కలవాళ్లు 31 పెట్టుకోవడం మేలు. కొత్త కాటన్ అయితే ముందు ఒకసారి తడిపి ఆరేశాకే టేపు పట్టండి.

పలక:
చివరి సందేహం. చీలమండ దగ్గర ఆగే యాంకిల్ లెంగ్త్ ప్యాంటును మరి ఏమనాలి?

వీసం:
మనకు ముప్పాతిక మువ్వీసం అన్న జాతీయం ఉంది, దాదాపు అంతా అని. ముప్పాతిక అంటే పదహారులో పన్నెండు, వీసం అంటే పదహారో వంతు కనక మువ్వీసం మూడు. కలిపితే పదహారింట పదిహేను. కత్తెరగారి 40 అంగుళాల లెక్కలో అది 37.5.

కత్తెర:
యాంకిల్ ప్యాంటుకు నేను పెట్టే కొలత 37.5 నుంచి 38. మాట కుదిరింది, బిల్లు పుస్తకంలో రాయడానికి మాత్రం చోటు చాలదు.